తాళాల గుత్తి ఎవరి చేతిలో?

హైదరాబాదు శివార్లలో లేస్తున్న అపార్టుమెంట్ల ప్రకటనల్లో ఈమధ్య ‘స్మార్ట్ హోమ్’ అన్న మాట తరచుగా కనిపిస్తోంది. నోటితో చెబితే దీపం వెలుగుతుందనీ, ఆఫీసులో కూర్చుని ఇంట్లో ఏసీ వేసుకోవచ్చనీ, తలుపుకి తాళంచెవి అక్కర్లేదు, ఫోనుంటే చాలుననీ ఆ ప్రకటనలు ఊరిస్తాయి. ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట, స్త్రీల హక్కుల పత్రికకు దీనితో ఏం పని అని మీలో కొందరు అడగవచ్చు. కొన్నేళ్ల కిందటైతే నేనూ ఆ మాటే అనేదాన్నేమో. ఇవాళ వైఫై కెమెరా రెండు వేల రూపాయల లోపే దొరుకుతోంది. ఫోనుతో వెలిగే బల్బు కొన్ని వందలకే వస్తోంది. జిల్లా కేంద్రాల్లోని ఎలక్ట్రికల్ షాపుల్లోనే కాదు, మండల కేంద్రాల్లోని సెల్‌ఫోను దుకాణాల్లో కూడా వీటిని అమ్ముతున్నారు. మధ్యతరగతి ఇళ్లలోకి ఇవి వచ్చేశాయి. మన సలహా కేంద్రాల గడప కూడా తొక్కాయి.

కొన్ని నెలలుగా మన మిత్రులు నన్ను రెండు రకాల ప్రశ్నలు అడుగుతున్నారు. ఒకటి: “మా ఇంట్లో ఇలాంటివి పెట్టుకుందామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?” రెండోది: “మా దగ్గరికొచ్చిన ఆమె ఇంట్లో కెమెరాలున్నాయి. భర్త వేరే ఊళ్లో ఉన్నా, ఆమె ఎప్పుడు లేచిందీ, ఎవరితో మాట్లాడిందీ అన్నీ అతనికి తెలిసిపోతున్నాయి. ఏం చెప్పాలి?” ఈ రెండూ సంబంధం లేని ప్రశ్నలుగా కనిపిస్తాయి. నాకు మాత్రం రెండింటి జవాబూ ఒక్క చోటే ఉందనిపిస్తోంది. ఈ సంపాదకీయంలో దాని గురించే మాట్లాడదలిచాను.

ముందు ఇదేమిటో చూద్దాం. ‘స్మార్ట్’ అన్న మాటకి పెద్ద అర్థమేదో వెతకనక్కర్లేదు. మామూలు బల్బుకో, ప్లగ్గుకో, తాళానికో ఒక చిన్న రేడియో చిప్పు తగిలిస్తారు. అది ఇంట్లోని వైఫై రౌటరు ద్వారా ఇంటర్నెట్టుకీ, అక్కడినుంచి కంపెనీ సర్వరుకీ కలుస్తుంది. మనం ఫోనులో నొక్కిన ఆజ్ఞ చాలాసార్లు ఎక్కడో ఉన్న ఆ సర్వరు దాకా వెళ్లి, తిరిగి మన హాల్లోని బల్బు దగ్గరికొస్తుంది. ‘సాయంత్రం ఆరింటికి వరండా దీపం వెలగాలి’, ‘ట్యాంకు నిండగానే మోటారు ఆగాలి’ అని ముందే చెప్పిపెట్టుకోవటమే ఆటోమేషన్. ఈ ఆలోచన మన పల్లెలకు కొత్తది కాదు. కరెంటు రాగానే దానంతటదే మోటారు తిరిగేలా రైతులు పొలాల్లో ఆటో స్టార్టర్లు ఎప్పుడో పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, నీళ్లు వృథా అవుతాయి, వాటిని తీసెయ్యండని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

మరి కొత్తగా వచ్చిందేమిటి? ఖాతా. పరికరాన్ని మొదటిసారి బిగించినప్పుడు ఎవరి ఫోనులో యాప్ పెడతారో, ఎవరి మెయిలుతో, ఎవరి నంబరుతో ఖాతా తెరుస్తారో వారే దాని యజమాని. ఇంట్లో మిగతావాళ్లు ఆ యజమాని చేర్చుకుంటే సభ్యులు, లేకపోతే లేదు. ఎవరు ఏమేం చూడొచ్చు, ఏమేం వాడొచ్చు, ఎవరిని ఎప్పుడు తీసెయ్యాలి అన్నది సాధారణంగా ఆ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. తలుపు ఎన్ని గంటలకు తెరుచుకుందో, వంటింటి దీపం ఎంతసేపు వెలిగిందో, స్పీకరుతో ఎవరు ఏం మాట్లాడారో చాలా పరికరాలు చిట్టా రాసినట్టు రాసుకుంటూనే ఉంటాయి. ఆ చిట్టా తిరగేసే అధికారం కూడా యజమానిదే.

ఎవరి పేరున ఉందన్నది ఎంత ముఖ్యమో మన ఉద్యమానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ రావటానికి ఇంకో ఇరవై ఏళ్లు, 2005 దాకా, పట్టింది. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. 2016లో మొదలైన ఉజ్వల పథకంలో కనెక్షన్ ఇంటి ఆడమనిషి పేరునే ఇస్తారు. ఇళ్ల స్థలాల పట్టాలు స్త్రీల పేరున ఉండాలన్నది మన సంఘాలు ఎన్నో ఏళ్లు అడిగి సాధించుకున్న మాట. పేరు రాసినంత మాత్రాన పెత్తనం రాదని మనకి తెలుసు. కానీ పేరు లేకపోతే అడగటానికి కూడా ఆధారం ఉండదని అంతకంటే బాగా తెలుసు.

వెనకటి ఇళ్లలో పెత్తనం ఎవరిదో తెలుసుకోవాలంటే తాళాల గుత్తి ఎవరి బొడ్లో ఉందో చూసేవారు. అత్తగారు కోడలికి తాళాలు ఇచ్చిందంటే ఇల్లు అప్పగించినట్టే. ఇప్పుడా గుత్తి ఫోనులోకి చేరింది. పట్టా ఆమె పేరున ఉండి, ఆ ఇంటి తలుపు ఆయన ఫోనులో నుంచి తెరుచుకుంటుంటే ఆ ఇల్లు ఎవరిదనాలి?

ఈ గుత్తి స్త్రీల చేతికి రావటం తేలిక కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన స్త్రీలు 33 శాతం, మగవాళ్లు 57 శాతం. సొంత ఫోను ఉన్నవాళ్లలోనూ సిమ్ భర్త పేరున, మెయిలు కొడుకు తెరిచింది, పాస్‌వర్డు తమ్ముడు పెట్టింది అయి ఉండటం మనం రోజూ చూస్తున్నదే. ‘నీకెందుకు, నేను పెట్టిస్తాగా’ అన్న మాటలో చాలాసార్లు ప్రేమే ఉంటుంది. కానీ ఆ ప్రేమ మిగిలి ఉన్నన్నాళ్లూ ఎవరి పేరున ఉన్నా ఇబ్బంది లేదు. అది పోయిన రోజున పేరు ఒక్కటే నిలబడుతుంది.

ఇక ‘ఆడవాళ్లకి పని తగ్గుతుంది’ అనే ప్రచారం సంగతి. పని తగ్గటం మనకి వద్దని ఎవరన్నారు? రుబ్బురోలు దగ్గర చేతులు బొబ్బలెక్కిన తరం ఇంకా మన మధ్యే ఉంది. మిక్సీని, ప్రెషర్ కుక్కర్ని, బట్టలుతికే మిషన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కొవాన్ 1983లోనే తన పుస్తకంలో ఒక సంగతి చూపించింది. ఇంటి పనికి యంత్రాలు వచ్చినప్పుడు అంతకుముందు మగవాళ్లు, పిల్లలు, పనివాళ్లు పంచుకునే పనులు పోయాయి. శుభ్రతకు, వంటకు ప్రమాణాలు పెరిగాయి. మిగిలిన పనంతా ఇల్లాలి ఒక్కదాని మీదే పడింది. మన దేశంలో 2024 సమయ వినియోగ సర్వే చెప్పేది ఇదీ: ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు దానికి పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. అంతకుముందు 2019 సర్వేలో స్త్రీల లెక్క 299 నిమిషాలు. ఐదేళ్లలో తగ్గింది రోజుకు పది నిమిషాలు!

నేల తుడిచే రోబోనే తీసుకోండి. అది తిరగాలంటే కింద పడి ఉన్న బట్టలు, ఆట సామాన్లు, ఫోను తీగలు ముందే ఎవరో ఒకరు ఏరిపెట్టాలి. దాని డబ్బాలోని దుమ్ము పారబొయ్యాలి, తడిగుడ్డ ఉతకాలి, బ్రష్షులో చుట్టుకున్న వెంట్రుకలు తియ్యాలి. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరో మీకు నేను చెప్పాలా? యాప్ చూసుకోవటం ఆయన పని, రోబోకి ఊడిగం ఆమె పని అయితే మారిందేమిటి? పైగా ఆజ్ఞలు స్వీకరించే యంత్రాలకి ఆడగొంతు పెట్టటం మామూలైపోయింది. పిలవగానే పలికే, తిట్టినా నొచ్చుకోని ఆడగొంతు పిల్లలకి ఏం నేర్పుతుందని 2019లో యునెస్కో ఒక నివేదికలోనే ప్రశ్నించింది.

ఇంతకంటే పెద్ద సంగతి హింస. 2018 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక గృహహింస బాధితులతో, వాళ్లకి సాయపడేవాళ్లతో మాట్లాడి ఒక కథనం ప్రచురించింది. వేసిన ఏసీ దానంతటదే ఆగిపోతోందని ఒకామె, తలుపు తాళం అంకెలు రోజూ మారిపోతున్నాయని మరొకామె, ఎవరూ లేకుండానే కాలింగ్ బెల్ మోగుతోందని ఇంకొకామె చెప్పారు. ఇల్లు వదిలి వెళ్లిన మగవాడు ఫోనులో నుంచి ఇంటిని ఆడిస్తున్నాడు. సాయం అడిగితే ‘నీకు మతి పోయింది’ అన్నవాళ్లే ఎక్కువ. అదే ఏడాది ఇంగ్లండులో ఒక భర్త, వంటింటి గోడకి బిగించిన టాబ్లెట్ ద్వారా, విడిగా ఉంటున్న భార్య మాటల్ని దూరం నుంచి విన్నందుకు జైలుకి వెళ్లాడు. ఇంటి దీపాల్ని, హీటర్ని నడిపే టాబ్లెట్ అది. పెట్టింది అతనే, దాని సంగతి తెలిసింది అతనికే.

ఇది పరాయి దేశాల కథ అనుకోవటానికి లేదు. మన కేంద్రాలకు వచ్చేవాళ్లు ఇదే సంగతిని వేరే మాటల్లో చెబుతారు. “దొంగల భయమని హాల్లో కెమెరా పెట్టించాడు. అది వంటింటి గుమ్మం వైపే చూస్తుంటుంది” అంటుంది ఒకామె. “మా అమ్మ వచ్చి వెళ్లిన పది నిమిషాలకి ఫోను వస్తుంది, ఏం తీసుకెళ్లిందని” అంటుంది మరొకామె. ఆమె ఒంటి మీద గాయం ఉండదు, ఎవరూ అరిచినట్టు పక్కింటివాళ్లు వినరు. కానీ సొంత ఇంట్లో గట్టిగా ఏడవటానికి కూడా బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకోవాల్సి వచ్చే ఆ బతుకును హింస అనక ఏమనాలి?

ఈ చూపు భార్య దగ్గరే ఆగదు. ఇంటి పనిచేసే స్త్రీ మీద పడే చూపు గురించి మనం ఇంకా తక్కువ మాట్లాడుతున్నాం. కెమెరా ఉందని ఆమెకు చెప్పేవాళ్లెందరు? ఆమె బట్టలు మార్చుకునే చోటు, కాసేపు నడుం వాల్చే చోటు దాని కంట పడకుండా చూసేవాళ్లెందరు? పని చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పని చోటుగానే లెక్కించింది. కానీ ఆ ఇంట్లో గోడ మీద ఉన్న కన్ను ఎవరి చేతిలో ఉందో అడిగే దిక్కు ఆమెకు లేదు. ఇక్కడ మనలో ఉద్యోగాలు చేసే స్త్రీలం యజమానుల వైపే ఉన్నామన్న నిజాన్ని దాటవెయ్యకూడదు.

అమెరికా నుంచో, ఆస్ట్రేలియా నుంచో కొడుకులు, కూతుళ్లు గుంటూరులో, కరీంనగర్లో ఒంటరిగా ఉన్న తల్లి కోసం పెట్టించే కెమెరా ఇంకో తీరు. వాళ్ల బెంగ నిజమైనదే, ఆమె పడిపోతే చూసేవాళ్లు ఉండాలన్నదీ నిజమే. అయినా డెబ్భై ఏళ్ల మనిషిని ‘నీ గదిలో పెట్టమంటావా?’ అని ఒక్క మాట అడగాలి కదా! ముసలితనంలో కూడా చీర మార్చుకోవటానికి ఒక మూల కావాలి.

ఇంట్లోవాళ్ల చూపు ఒకటైతే, కంపెనీల చూపు మరొకటి. అమెజాన్‌కి చెందిన రింగ్ కెమెరాల కంపెనీలో ఒక ఉద్యోగి 2017లో నెలల తరబడి స్త్రీల పడకగదుల్లో, బాత్రూముల్లో ఉన్న కెమెరాల వీడియోలు వేల సంఖ్యలో చూశాడని 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఆ కేసులో కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టటానికి ఒప్పుకుంది. నేల తుడిచే రోబోల ప్రయోగ నమూనాలు తీసిన ఫొటోలు, వాటిలో మరుగుదొడ్డిలో కూర్చున్న ఒక స్త్రీ ఫొటో సహా, బయటికి పొక్కిన సంగతిని 2022లో ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ బయటపెట్టింది. మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అది కంపెనీల బాధ్యతల గురించి మాట్లాడుతుంది కానీ, వ్యక్తులు సొంత అవసరానికి, ఇంటి అవసరానికి వాడుకునే సమాచారాన్ని తన పరిధి నుంచి తప్పించింది. అంటే భర్త ఫోనులో పోగుపడుతున్న భార్య రోజువారీ చిట్టా ఆ చట్టానికి కనిపించదు. ఏకాంతం ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒక్క గొంతుతో చెప్పింది. ఆ హక్కు ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోవటాన్ని మనం ఒప్పుకోకూడదు.

ఇంత చెప్పాక ఇవేవీ ఇంట్లోకి రానివ్వొద్దంటానని మీరు అనుకోవచ్చు. అలా అనను. చక్రాల కుర్చీలో ఉన్న స్త్రీకి, లేచి స్విచ్చు దాకా వెళ్లలేని స్త్రీకి నోటి మాటతో దీపం వెయ్యగలగటం విలాసం కాదు, స్వతంత్రం. చూపు లేనివాళ్లకి మాట్లాడే గడియారం, మాట వినే ఫ్యాను ఒకరి మీద ఆధారపడకుండా బతికే వెసులుబాటు. ఒంటరిగా ఉండే స్త్రీకి, తలుపు తియ్యకుండానే బయట ఎవరున్నారో చూసుకోగలగటం ధైర్యం. పెద్ద వయసులో రాత్రిపూట బాత్రూముకు వెళ్లేటప్పుడు దానంతటదే వెలిగే చిన్న దీపం తుంటి ఎముకను కాపాడుతుంది. వీటిని మనం మన చేత్తో, మన షరతుల మీద ఇంట్లోకి తెచ్చుకోవాలి.

అందుకని, ఎక్కడ మొదలుపెట్టాలన్న మిత్రులకు నా సూచనలు ఇవి.

ఖాతా అక్కర్లేని వాటితో మొదలుపెట్టండి. మనిషి కదలికకు వెలిగే బల్బు, ట్యాంకు నిండితే మోటారు ఆపే పరికరం, గంట పెడితే దానంతటదే ఆగే టైమర్ ప్లగ్గు, గ్యాస్ లీకయితే కూత పెట్టే పరికరం వీటిలో చాలావాటికి ఇంటర్నెట్ అవసరమే లేదు. ఇవీ ఆటోమేషనే. ఇవి ఎవరికీ కబుర్లు చెప్పవు. వంట గ్యాసు గాలికన్నా బరువైనది, కిందికి దిగుతుంది. కాబట్టి ఆ పరికరాన్ని నేలకు దగ్గరగా, అడుగు ఎత్తులో పెట్టాలి. మన ఇళ్లలో చాలామందికి ఇక్కడితోనే అవసరం తీరిపోతుంది.

ఆ తర్వాత ఫోనుతో నడిచేది కావాలంటే ఒక్క ప్లగ్గుతో మొదలుపెట్టండి. గీజరుకైతే 16 ఆంపియర్లదే కొనాలి; 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, చిన్న ప్లగ్గు కాలిపోతుంది. వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి, రౌటరులో అది ఉందో లేదో చూసుకోండి. నెట్టు పోయినా, ఫోను పోయినా చేత్తో వేసి ఆర్పగలిగేదే తీసుకోండి. గోడ స్విచ్చు పీకేసి ఫోను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. తాళం విషయంలో ఇది మరీ ముఖ్యం: మామూలు తాళంచెవితో కూడా తెరుచుకోని స్మార్ట్ తాళం కొనొద్దు. ఆ చెవుల్లో ఒకటి మీ దగ్గరుండాలి.

ఖాతా తెరిచేటప్పుడు మీరు అక్కడ ఉండండి. బిగించటానికి వచ్చిన కుర్రాడు ‘సారు నంబరు చెప్పండి’ అంటాడు. మీ నంబరు చెప్పండి. భార్యాభర్తలిద్దరూ వాడే ఇంట్లో ఇద్దరికీ సమానమైన అధికారం ఉండే పరికరాన్ని ఎంచుకోండి. కొన్ని యాప్‌లలో అది కుదురుతుంది, కొన్నింటిలో కుదరదు, కొనకముందే అడగండి. ఖాతా మీ పేరున ఉన్నా, పాస్‌వర్డు మర్చిపోతే ఓటీపీ వెళ్లే నంబరు ఇంకొకరిదైతే ఆ ఖాతా వాళ్లదే. వైఫై రౌటరు పాస్‌వర్డు కూడా అంతే.

కెమెరా పడకగదిలోకి, స్నానాల గదివైపు, పనిమనిషి విశ్రాంతి తీసుకునే చోటికి రానే రాకూడదు. వీధి గుమ్మం బయటి వైపు చూస్తే చాలు. ఉందని ఇంట్లో ప్రతి ఒక్కరికీ, పనికి వచ్చేవాళ్లకీ చెప్పాలి. మాట వినే స్పీకరుకు మైకు ఆపే బొత్తాం ఉంటుంది; అదెక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. అది దాచుకున్న మాటల్ని యాప్‌లో నుంచి చెరిపెయ్యవచ్చు. సాంకేతికంగా ఆసక్తి ఉన్నవాళ్లకి, సమాచారమంతా ఇంట్లోని చిన్న కంప్యూటర్లోనే ఉంచి నడుపుకునే హోమ్ అసిస్టెంట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ 2013 నుంచి ఉంది. నేర్చుకోవటానికి ఓపిక కావాలి. మన సంఘాల్లోని ఇంజనీరింగ్ పిల్లలు ఈ బాధ్యత తీసుకుంటే బాగుంటుంది.

ఇక రెండో ప్రశ్న, హింస ఉన్న ఇంటి సంగతి. సలహా కేంద్రాల్లో పనిచేసే మిత్రులు దీన్ని జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. ‘ఆ కెమెరా పీకెయ్యమ్మా’ అని చెప్పటం తేలిక. కానీ పీకిన క్షణంలోనే అతనికి తెలిసిపోతుంది, దెబ్బ ఆమె మీద పడుతుంది. ఆమె భద్రత ఎలా అన్నది ముందు తేలాలి. ఆమెతో మాట్లాడటానికి ఆమె ఇంటి వైఫైని, అతను చూడగలిగే ఫోనుని వాడొద్దు. ఇంట్లో ఏమేం పరికరాలున్నాయి, ఎవరు బిగించారు, ఖాతా ఎవరిది, ఆమె ఫోను, సిమ్ ఎవరి పేరున ఉన్నాయి అన్న నాలుగు ప్రశ్నలు మన ఫిర్యాదు ఫారంలో ఇవాల్టి నుంచే చేర్చుకుందాం. దీపాలు ఆరటం, తాళం పడటం లాంటివి జరిగిన తేదీ, సమయం ఆమె చేత, వీలైన చోట భద్రంగా, రాయించండి.

చట్టం ఇక్కడ మనల్ని పూర్తిగా వదిలెయ్యలేదు. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్, ఆమెకు వాడుకునే హక్కున్న వనరుల్ని, సౌకర్యాల్ని, ఇంటిని అందకుండా చెయ్యటాన్ని ఆర్థిక హింసగా చెబుతోంది. దూరం నుంచి కరెంటు ఆపినా, తలుపు అంకెలు మార్చినా ఈ మాటల కిందికి వస్తుందని మనం వాదించాలి. పద్దెనిమిదో సెక్షన్ కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వు ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆమెను సంప్రదించటాన్ని కూడా నిషేధించగలదు. ఆ ఉత్తర్వులో ఫలానా పని చెయ్యకూడదని ప్రత్యేకంగా రాయమని కోర్టును కోరవచ్చు. కాబట్టి అర్జీలో స్పష్టంగా అడగండి: అతను ఇంట్లోని ఫలానా కెమెరాను, తాళాన్ని, స్పీకరును దూరం నుంచి వాడకూడదని, వాటిని తన ఖాతా నుంచి తొలగించాలని. ఈ రెండో మాట మరిచిపోవద్దు. కొన్ని పరికరాలు పాత యజమాని తొలగించేదాకా కొత్త ఖాతాలో చేరవు. ఇంట్లో ఉండే హక్కు కోర్టు ఇచ్చినా ఆ ఇంటి తాళం ఆమె మాట వినదు.

స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు దొంగచాటుగా చూడటం, చిత్రించటం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద, ఆమె ఇంటర్నెట్ వాడకాన్ని, ఎలక్ట్రానిక్ సంభాషణల్ని కనిపెట్టుకుని ఉండటం 78వ సెక్షన్ కింద నేరాలు. ఆ సెక్షన్లలో భర్తకు మినహాయింపు ఎక్కడా రాసి లేదు. పోలీసు స్టేషన్లో ‘మొగుడే కదమ్మా’ అన్నప్పుడు ఈ మాట గట్టిగా చెప్పాలి. మరో సంగతి: భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నాలుగు గోడల మధ్య జరిగిన హింసను నిరూపించటానికి ఇది ఆమెకు ఉపయోగపడుతుంది. కానీ రికార్డు చేసే యంత్రాలన్నీ అతని ఖాతాలో ఉన్న ఇంట్లో సాక్ష్యం ఎవరి దగ్గర పోగుపడుతుందో, ఏ ముక్క కోర్టుకు వస్తుందో, ఏ ముక్క చెరిగిపోతుందో ఆలోచించండి.

మన డిమాండ్లు కూడా ఇక్కడి నుంచే రావాలి. ఇంటికి అమ్మే ప్రతి పరికరంలో ఒకరికన్నా ఎక్కువమంది సమాన యజమానులుగా ఉండగలగాలి. ఎవరు చూస్తున్నారో ఇంట్లోవాళ్లందరికీ తెలిసే ఏర్పాటు ఉండాలి. కోర్టు ఉత్తర్వు చూపిస్తే ఖాతాను మార్చి ఇచ్చే బాధ్యత కంపెనీలకు చట్టంలో రాయాలి. సఖి కేంద్రాల సిబ్బందికి, రక్షణాధికారులకు, మహిళా పోలీసులకు ఈ పరికరాల మీద శిక్షణ ఇవ్వాలి. సమాచార రక్షణ చట్టంలో ‘ఇంటి అవసరం’ అన్న మినహాయింపు గృహహింసకు గొడుగు కాకుండా సవరించాలి. ఇంటి పనివారిని కెమెరాల కింద పెట్టటానికి నియమాలు కావాలి.

ప్రభుత్వాలు ఇవన్నీ చేసేదాకా మనం ఆగనక్కర్లేదు. మూడు నెలల్లో జరిగే మీ సంఘ సమావేశాల్లో ఒక పూట దీనికి కేటాయించండి. ప్రతి ఒక్కరూ తమ ఇంటి వైఫై పాస్‌వర్డు తమకు తెలుసో లేదో, కరెంటు బిల్లు యాప్, గ్యాస్ బుకింగ్, కెమెరా ఎవరి ఫోనులో ఉన్నాయో చెప్పమనండి. తెలియనివాళ్లు సిగ్గుపడనక్కర్లేదు, ఆ సాయంత్రమే ఇంటికెళ్లి అడిగితే చాలు. అడిగినప్పుడు ఇంట్లో వచ్చే జవాబే చాలా సంగతులు చెబుతుంది. ఆ అనుభవాలను, పేర్లు లేకుండా, మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో వాటికి చోటిస్తాం. అర్జీల్లో వాడుకోవటానికి వీలైన నమూనా వాక్యాలను మన న్యాయవాది మిత్రులు తయారుచేస్తే వాటినీ ప్రచురిస్తాం.

– సంపాదకురాలు